గడ్డివాము వెనక పంపు

కథలాపూర్, బుధవారం రాత్రి

జగిత్యాల డాక్టర్ ఈసారి నా భార్య లక్ష్మిని కాదు, నన్ను పరీక్షించాడు. ఏడేళ్లుగా పిల్లల కోసం మాత్రలు మింగింది, మొక్కులు మొక్కింది తను. లోపం నా వీర్యకణాల్లో ఉందట.

"పత్తికి పురుగుల మందు నువ్వే కొడ్తవా?"

నేనేనన్నాను. వీపున మోసే పంపు కారి లుంగీ తడుస్తుందనీ, మందు చేత్తోనే కలుపుతాననీ చెప్పాను.

"గదే కారణమని గట్టిగ చెప్పలేను. అనుమానమైతె ఉన్నది. కొన్ని నెలలు మందు జోలికి పోకు," అన్నాడు.

తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. అడవిలో అన్నలకు చీటీ మోస్తున్నాననుకున్నాడేమో, ఒక కానిస్టేబుల్ నా రిపోర్టు విప్పి చదివాడు. నా మొహం చూడకుండా మడిచి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక, ఇక పత్తికి మందు కొట్టనని తమ్ముడికి చెప్పాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు.

"గంతేనా అన్నా? రేపు పొద్దుగాల్ల నేను కొడ్త తియ్యి," అన్నాడు. వాడి పెళ్లయి నెల కాలేదు. పంపు కడిగి తన గది ముందే పెట్టుకున్నాడు.

డాక్టర్ మాట ముందే తెలిసిన లక్ష్మి అంతా విన్నది. నా కంచం తీస్తూ మెల్లగా అంది: "గా కొత్త పిల్లనన్న నా లెక్క మొక్కులు మొక్కుకుంట తిరగనియ్యకు."

పంపును గడ్డివాము వెనక దాచి వచ్చాను. పొద్దున వాడు వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తాడు. అప్పుడైనా చెప్పాలి.