‘సంతానం కలిగినచో’ మీద గీత

కామారెడ్డి జిల్లా బాన్సువాడలో సొంత ఇంట్లో ఉంటూ వ్యవసాయం, పాడి చేసుకుని బతుకుతున్న భూమవ్వ అనే నేను, వయసు అరవై ఏడు, ఎవరి బలవంతం గాని బతిమాలింపు గాని లేకుండా, నిండు తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. నా మోకాళ్లు అరిగాయి గాని బుద్ధి అరగలేదు. అనుమానం ఉన్నవాళ్లు పాల కేంద్రంలో నాతో పేచీ పెట్టుకుని చూడవచ్చు. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నేను పోయిన తర్వాతే ఇది అమల్లోకి రావాలి. అందాకా ఆస్తి నాది, పెత్తనం నాది.

1. నాకు సంతానం లేదు. పదహారేండ్లకు పిట్లం కోడలిగా పోయాను. పిల్లలు కాలేదని నన్నొక్కదాన్నే దవాఖానల చుట్టూ తిప్పారు. నా భర్త ఒక్కనాడు కూడా పరీక్ష చేయించుకోలేదు. తర్వాత ఇంకొకామెను తెచ్చుకున్నాడు, నేను బాన్సువాడకు తిరిగొచ్చాను. ఆమెకూ పిల్లలు కాలేదు. అప్పుడైనా అత్తగారింటి నుంచి ఎవరూ వచ్చి ‘తప్పు నీది కాదు భూమవ్వా’ అనలేదు. ఆ ఇంటివాళ్లకు ఈ కాగితంలో ఏమీ లేదు.

2. మా నాన్న తన వీలునామాలో ‘నా కూతురు భూమవ్వకు సంతానం కలిగినచో కాలువ కింద రెండెకరాలు, కలగనిచో ఆ భూమి కూడా నా కుమారునికే’ అని రాయించాడు. నాన్న చెడ్డవాడు కాదు. అందరూ అట్లా రాయిస్తారని ఆయనా రాయించాడు. అది పెద్దమనుషుల ముందు చదివిన రోజు నా తమ్ముడు వెంకట్రాములు తల వంచుకుని కూర్చున్నాడు గాని నోరు విప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అయినా నా రాగి కాగు తమ్మునికే ఇస్తున్నాను. చలికాలం అతనికి నడుము పట్టేస్తుంది, ఆ కాగులో కాగిన నీళ్లు తొందరగా చల్లారవు.

3. నా మూడు బర్రెల్లో చిన్నది, దాని దూడ, పాల క్యాన్లు హీరాబాయికి. ఆమె రోజూ తండా నుంచి వచ్చి నాతో పాటు పేడ తీసింది, పాలు పిండింది, నా తిట్లన్నీ పడింది. తిట్టినప్పుడల్లా తన భాషలో ఏదో బదులిచ్చేది. అదేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అందుకే మా స్నేహం నిలిచింది. ఆస్తి ఇస్తున్నాను కాబట్టి ఆమెను సాక్షిగా పెట్టలేదు. మిగతా రెండు బర్రెలు అమ్మి నా దినాలు చేయాలి. దినాల్లో వంకాయ కూర చప్పగా ఉంటే ఊరుకోను.

4. ఇది ఆస్తి కాదు, సంగతి. నేను పోయాక పది రకాలుగా చెప్పుకుంటారని రాయిస్తున్నాను. నా తమ్ముని బిడ్డ సింధుజకు ముప్పై మూడేండ్లు, నిజామాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. పెండ్లి వద్దనలేదు, నచ్చినవాడు దొరికినప్పుడు చేసుకుంటానంది. అందాకా వయసు ఆగదు కాబట్టి తన అండాలను ఇప్పుడే తీయించి, హైదరాబాద్ దవాఖానలో గడ్డకట్టించి దాచుకుంటానని మొదట నాకే చెప్పింది.

నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎదకొచ్చిన బర్రెలకు సూది వేసే గోపాలమిత్ర వినోద్ మోటారు సైకిల్ మీద తెచ్చే డబ్బా నేను ఎరగనిది కాదు. మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది, కరెంటు లేకుండానే లోపల విత్తనం ఏండ్ల తరబడి చెడదు. తెలిసినదానితో ఊరుకోకుండా పాల కేంద్రంలో ఆడవాళ్లకు ఉపన్యాసమిచ్చాను. ‘బర్రెకు అయితున్నది, మనిషికి కాదా? దాసిపెడితే పిల్లలు ఖాయం’ అన్నాను. ‘ఫ్రిజ్జుల పెడ్తరా? కరెంటు పోతే ఏంది?’ అని ఒకామె, ‘పెండ్లి గాకముందు గిదేం పని?’ అని ఇంకొకామె, ‘గట్ల తీస్తే లోపలున్నయన్ని ఒడుస్తయట’ అని మరొకామె. తెల్లారేసరికి బాన్సువాడ అంతా పాకింది. సింధుజ వచ్చి నాతో పోట్లాడింది. ‘నువ్వు చెప్పినందుకు కాదు అత్తా, తప్పు చెప్పినందుకు’ అంది.

చివరికి నన్ను డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకుని పోయింది. వాటిని దాచే గ్యాస్ డబ్బా కరెంటు మీద నడవదన్నది నిజమే (ఇది నేను ముందే చెప్పాను). తీసినంత మాత్రాన లోపలివి అయిపోవట. ఆ నెల ఎట్లాగూ వృథా పోయేవాటినే సూదులిచ్చి పెంచి తీస్తారట. వయసు తక్కువున్నప్పుడు తీస్తే మేలట. కాని దాచినవన్నీ పిల్లలు కావు, ఒక్కటి కూడా కాకపోవచ్చు. ‘ఖాయమని మాత్రం ఎవరికీ చెప్పకండమ్మా’ అని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

తిరిగొచ్చి పాల కేంద్రంలో నా మాట నేనే దిద్దుకున్నాను. కొందరు నవ్వారు. అందరూ పోయాక తండా పిల్ల ఒకతె ఆగి ‘ముప్పైల తీస్తే నడుస్తదా అవ్వా?’ అని మెల్లగా అడిగింది. ‘డాక్టరును అడుగు బిడ్డా, నన్నడగకు’ అన్నాను. నా బతుకులో అంత బుద్ధిగా ఎన్నడూ మాట్లాడలేదు.

సింధుజ తల్లి, నా మరదలు, చాలా రోజులు ముఖం ముడుచుకుని తిరిగింది. దవాఖానకు బయలుదేరే పొద్దున వచ్చి ‘నొప్పి అయితదా?’ అని ఒక్క మాట అడిగింది. తర్వాత మాతో పాటు బస్సెక్కింది. పని మంచిగానే అయింది.

5. బాన్సువాడ శివారులో నిజాంసాగర్ కాలువ కింద, పాలమ్మి నేను కొనుక్కున్న ఎకరం తరి పొలం నా స్వార్జితం. హద్దులు: తూర్పున కాలువ గట్టు, ఉత్తరాన బండ్ల బాట, దక్షిణాన చెరుకు తోట, పడమట నా తమ్ముని పొలం, అంటే నాన్న నాకు రాసీ రాయని ఆ రెండెకరాలే. ఈ పొలాన్ని, నేనుంటున్న ఇంటిని నా మేనకోడలు సింధుజకు సర్వహక్కులతో ఇస్తున్నాను.

[సదరు సింధుజకు సంతానం కలిగినచో పై ఆస్తిని తాను అనుభవించుటకు, కలగనిచో ఆమె సోదరుడు మహిపాల్‌కు చెందుటకు — ఈ వరుస కొట్టివేయబడింది.]

దస్తావేజులు రాసే కిషన్‌లాల్ పై వరుసను అలవాటు కొద్దీ రాసి నాకు చదివి వినిపించాడు. ఇదేందని అడిగితే ‘అందరు గిట్లనే రాయిస్తరు అవ్వా’ అన్నాడు. నాన్నకు కూడా ఎవరో ఇదే మాట చెప్పి ఉంటారు. పక్కనే ఉన్న తమ్ముడు ‘ఉండనీ అక్కా, రేపు దానికి పిల్లలు గాకుంటే భూమి ఎవలకు పోతది?’ అన్నాడు.  అప్పుడు తమ్ముని కొడుకు, సింధుజ తమ్ముడు మహిపాల్, ఆ వరుసతో లాభపడేవాడు, లేచి నిలబడ్డాడు. ‘నాకు ఉన్నది చాలు బాపూ. అక్క భూమి అక్కకే’ అన్నాడు. ఆనాడు తండ్రి విప్పని నోరు ఈనాడు కొడుకు విప్పాడు. నేను కలం అందుకుని ఆ వరుసను నా చేత్తోనే కొట్టేశాను. కొత్త కాగితం మీద రాస్తానని కిషన్‌లాల్ అన్నా ఒప్పుకోలేదు.

కౌలు పైసలతో సింధుజ ఆ దవాఖానలో అండాలు దాచినందుకు కిరాయి కట్టుకోవచ్చు, వద్దనుకుంటే మానేయవచ్చు. పెండ్లి అయినా కాకున్నా, పిల్లలు పుట్టినా పుట్టకున్నా, పొలం సింధుజదే.

6. అటక మీద పసిపిల్లలను ఊపే కర్ర తొట్టెల ఒకటి ఉంది. దాన్ని సింధుజకు రాయడం లేదు. ముందు ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకోవాలి, మహిపాల్ అయినా, హీరాబాయి మనుమరాలైనా. అడగకుండా దాన్ని సింధుజ ముందు దింపి తుడిచేవాళ్లను నేను ఏ లోకంలో ఉన్నా తిడతాను. ఆమెకు బిడ్డ పుడితే నా అంత సంతోషపడేవాళ్లు ఉండరు. పుట్టకపోయినా మాకు సింధుజ ఉంది. ఆమెను చూసుకునే ఇన్నేండ్లు మురిసిపోయాను.

7. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మహిపాల్‌ది. నోరు విప్పినందుకు నా గడ్డి కోసే మిషను అతనికి. బ్లేడు పదును పెట్టించాలి.

పై విషయాలన్నీ చదివించుకుని విని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

బాన్సువాడ, 2025 ఆగస్టు 19.

(సంతకం) భూమవ్వ

సాక్షులు:
1. వినోద్, గోపాలమిత్ర
2. వనిత, పాల కేంద్రం

రాసినవారు: కిషన్‌లాల్

కొట్టివేత వివరం: ఐదో అంశంలో ఒక వరుస. అది రాతలో జరిగిన పొరపాటు కాదు. మా ఇంట్లో రెండు తరాలుగా ఉన్న మాట, చదివేవాళ్లకు కనబడేటట్టు నేనే కొట్టేశాను. (సంతకం) భూమవ్వ