కోటు లేకుండా తీసిన కొలత

ప్రియమైన నాన్నకు,

ఈ ఉదయం అరుగు మీద హాలోవీన్‌కి చెక్కి పెట్టిన గుమ్మడికాయ ముఖాన్ని ఉడత ఒకవైపు కొరికేసింది. మిగిలిన కంటి మీద మంచు పేరుకుంది. దాన్ని చూస్తూ నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

"నీ మనసు మెత్తన తల్లీ, నువ్వు కావాలనే గురి తప్పుతున్నావని నాకు తెలుసు. ఈసారి వేట క్యాంపుకి రానక్కర్లేదు. హాయిగా పుస్తకాలు చదువుకో. అక్కడి నీ మంచం బాబాయి అల్లుడికిస్తాను" అని రాశావు. ఇంత ప్రేమగా రాసిన మాటకి జవాబివ్వడం కష్టంగా ఉంది. అది నిజం కాదు నాన్నా. నిజం కాదని తెలిసీ ఊరుకున్నాను. మెత్తని మనసని నువ్వంటే వినడానికి బాగుండేది.

నేను కావాలని తప్పలేదు. నువ్వు చెక్కిన తుపాకి పిడి నాకు పొడుగు.

నిరుడు జనవరిలో సరస్సు గడ్డకట్టి నువ్వు పనిచేసే ఓడ రేవులో ఆగిపోయినప్పుడు, వంటింటి పొయ్యి పక్కన నా చేయి కొలిచావు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా. అప్పుడు పలచటి చొక్కాలో ఉన్నాను. కొలత సరిగ్గానే తీశావు. కానీ వేటాడేది నవంబరులో. స్వెటరు, దాని మీద ఉన్ని కోటు, పైన వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు చొక్కా. తుపాకి ఎత్తగానే పిడి వెనక కొస, అదే మడమ, చంకలో తగులుకుంటుంది. విడిపించి భుజానికి ఆన్చేసరికి కన్ను దూరమై దుర్బిణిలో అంతా నలుపే. ఈలోగా జింక వెళ్ళిపోతుంది. కిందటి సీజనులో రెండుసార్లు తప్పాను. గురి తప్పినవాళ్ళకి చేసే ఆనవాయితీ ప్రకారం నా చొక్కా అంచులు రెండు కత్తిరించి, పేరు రాసి క్యాంపు గోడకి మేకు కొట్టారు. అందరూ నవ్వారు. నువ్వు మాత్రం నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక కాసిమిర్ బాబాయి ఇంటికొచ్చాడు. కోటు వేసుకుని తుపాకి ఎత్తమన్నాడు. ఎత్తాను, మళ్ళీ చంకలో తగులుకుంది.

"ఏమే టీలీ, నీకు జాలి జింక మీదా, మీ నాన్న మీదా?" అన్నాడు.

తుపాకి దించాను.

"రంపం తే. అంగుళం కోసిపారేద్దాం. కట్టెకేం నొప్పి పుడుతుందా?"

"కట్టెకి పుట్టదు బాబాయ్, నాన్నకి పుడుతుంది."

"వాడికి చెప్పకపోతే సరి."

"చెప్పకే ఇంతదూరం వచ్చింది."

కోయలేకపోయాను. నువ్వు మూడు నెలలు నూనె పట్టించి రుద్దిన వాల్‌నట్ కర్ర అది. కోస్తే తిరిగి అతకదు. తుపాకితో పాటు వచ్చిన పాత ప్లాస్టిక్ పిడి బిగిద్దామంటే, దాని ముందు భాగం రెండు వేళ్ళతో నొక్కితే వంగి తుపాకి గొట్టానికి తగిలి గురి చెడుతుంది. నువ్వు దాన్ని తీసేసిందే అందుకు కదా. చివరికి పట్నంలో కొత్త పిడి ఒకటి కొన్నాను. వంగదు. మడమ దగ్గర బిళ్ళలుంటాయి, కోటు మందాన్ని బట్టి వాటిని తీసేసి పొడుగు తగ్గించుకోవచ్చు. నేను రెండు తీశాను. రంగు మాత్రం వానాకాలపు దారి రంగు, చాలా వికారంగా ఉంది. కింది మరలు నేనే విప్పాను. విప్పుతున్నంతసేపూ నువ్వు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది.

కంకర గుంటలో కాల్చి చూశాం. కాగితం మీద చిల్లులన్నీ కాఫీ కప్పు మూత కింద పట్టేశాయి. బాబాయి కాగితాన్ని చాలాసేపు చూసి, "మీ నాన్నకి ఇది నువ్వే చెప్పాలి. నేను ఆ మనిషి ముందు నోరెత్తలేను" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. నీ పిడిని అమ్మ ఫ్లానెల్ దుప్పట్లో చుట్టి నా మంచం కింద పెట్టాను, గీత పడకుండా. దాన్నేం చేయాలో నువ్వే చెప్పు. ఊరుకుంటే అబద్ధం కాదని స్కూల్లో సిస్టర్ హెడ్విగ్ ఎప్పుడూ చెప్పలేదు. ఆ సాకు నేను సొంతంగా కల్పించుకున్నదే.

నా మీద కోపగించుకో. క్యాంపులో నా మంచం మాత్రం ఎవరికీ ఇవ్వకు.

ఈ ఏడు వేట లైసెన్సు నేను ఆగస్టులోనే కొన్నాను.

నీ కూతురు,
ఒటీలియా