చిట్టికి తెలిసిన పాట

శనివారం రాత్రి

సాయంత్రం మా కుక్క చిట్టికి టీకా వేయించడానికి కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లాం. కుక్కలకి బెదురు తగ్గాలని డాక్టరు గారు గదిలో సన్నగా వీణ పాటలు పెడతారు. అయినా చిట్టి బల్ల మీద గజగజ వణుకుతూనే ఉంది.

"ఇంట్లో దానికి అలవాటైన పాటేదన్నా ఉంటే పెట్టండి," అన్నారాయన.

"మా ఇంట్లో పాటలూ గట్రా ఉండవండి," అని మా ఆయన నవ్వారు.

ఎందుకుంటాయి? పెళ్లైన కొత్తలో నేను కూనిరాగం తీస్తే "ఏంటా గోల" అన్నది ఈయనే కదా! అప్పట్నుంచి ఈయన ధవళేశ్వరం ఆఫీసుకి బయల్దేరాకే నా పాట. వినేది చిట్టి ఒక్కటే.

ఒళ్లు మండి, అక్కడే లాలిపాట అందుకున్నాను. చిట్టి వణుకు మాని నా చేతి మీద తల వాల్చింది. సూది గుచ్చినా కదల్లేదు.

"భలే గొంతండి మీది," అన్నారు డాక్టరు గారు.

తిరిగొస్తూ బ్రిడ్జి ఎక్కాం. అప్పుడు ఈయన అన్నారు కదా, "పోన్లే, నీ పాట కుక్కకైనా పనికొచ్చింది."

రేపు ఆదివారం. ఈయన రోజంతా ఇంట్లోనే ఉంటారు. పాపం, చిట్టికి పాట ఉండదు.