చెల్లికి ఫ్లెక్సీ వద్దు

మావయ్యగారికి,

కాలేజీలో చెక్ దేశపు సినిమా ఒకటి చూశానని తెలిసి "ఆడపిల్లలు చూసేదేనా అది?" అంటూ అమ్మ మీద కేకలేశారట. అందులో ఒక పిల్ల పెద్దమనిషి కాగానే పెద్దలంతా రక్తం తాగే పిశాచాలై చుట్టూ మూగుతారు. అదంతా కల.

నేను పెద్దమనిషినైనప్పుడు మీరు కొవ్వూరు సెంటర్లో నా ఫోటోతో కట్టించిన ఫ్లెక్సీ కల కాదండి. దాని కింద టీ తాగుతూ నన్ను ఎగాదిగా చూసిన మీ స్నేహితులకి కోరలు లేవు. అప్పుడు నాకు కలిగినదాని పేరు భయమని ఆ సినిమా చూశాకే తెలిసింది.

మొన్న చెల్లి పెద్దమనిషైంది. దానికి ఇంకా పెద్ద ఫ్లెక్సీ అంటున్నారట. "అక్కా, నా ఫోటో వద్దని మావయ్యకి చెప్పవే" అని ఏడుస్తోంది. కట్టించకండి. కట్టిస్తే పట్టపగలు, సెంటరంతా చూస్తుండగా మేమిద్దరమే చింపేస్తాం. ఆ వేడుకకి అందరినీ పిలవండి. భోజనాలు మీవే.

మీ మేనకోడలు