తెల్ల క్యానులో కాస్టిక్ నీళ్ళు

అరకు

అత్తకు రాజకుమారి దండాలు.

స్టాల్‌లో మన కాఫీ సబ్బులు బాగానే పోతున్నాయి. ఇంటికి రాగానే మళ్ళీ సబ్బులు చేద్దామని, ఇక్కడికి వచ్చే ముందే నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపి, చల్లారాక తెల్ల క్యానులో పోసి వంటింటి మూల పెట్టాను. నీకు చెప్పడం మరిచిపోయాను. చూడ్డానికి అచ్చం మంచినీళ్ళే. గుక్క మింగితే గొంతు కాలిపోతుంది. ఎవరినీ ముట్టుకోనివ్వకు. మన కొండకి ఫోన్ సిగ్నల్ లేదు కదా, ఈ ఉత్తరం బుధు జీపులో పంపుతున్నాను.

నీ కోడలు
రాజకుమారి

తా.క. నీ కొడుక్కి మరీ మరీ చెప్పు. ఒకసారి చెప్తే వినే రకం కాదు.

కోడలు గుంటకు దేముడమ్మ రాయునది ఏటంటే,

బుధు ఉత్తరం ఇచ్చి పోయేడు. ఆ క్యాను మంచినీళ్ళనుకుని పొద్దున్నే ఫల్గుణ సేతికి నేనే ఇచ్చేను. కాఫీ తోటకన్నాడు. పరిగెత్తుకెళ్ళి సూస్తే తోటలో వాడూ నేడు, క్యానూ నేదు. నిజం సెప్పు. మొన్న నీకూ వాడికీ మాటామాటా వచ్చింది కదా, దానికేనా ఇది? సబ్బుకైతే ముందే కలిపి మూల దాయడవెందుకే? అడ్డదారిన అరకు పోతన్న కామేష్ బండి మీద ఈ ఉత్తరం పంపుతన్నాను. బేగి జవాబియ్యి.

దేముడమ్మ

తా.క. పైన కోడలని రాసేను గానీ, వాడు కనపడేవరకూ ఆ మాట ఖాయం కాదు.

అత్తా,

కలపగానే ఆ నీళ్ళు పొగలు కక్కుతాయి, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ముందే కలిపాను, ఇంకేం లేదు. మేం పోట్లాడుకున్నది దుప్పటి కోసం. దుప్పటి కోసం మొగుణ్ణి చంపుకుంటానా? ఆయన కనపడగానే నోరు చూడు. తాగి ఉంటే కక్కించొద్దు. నోరు కడిగించి వెంటనే హుకుంపేట ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఒంటి మీద పడితే నీళ్ళు పోస్తూనే ఉండండి. కామేష్ బండి మీద వాళ్ళమ్మ కూడా ఉంది, నాకు చోటు లేదు. సాయంత్రం బస్సుకి వస్తున్నాను.

రాజకుమారి

తా.క. ఆ దుప్పటి ఆయన్నే కప్పుకోమను.

నా కోడలికి,

ఫల్గుణ బాగున్నాడు. నోరు తెరిపించి సూసేను, ఏటీ కాలేదు. తోటకి వెళ్ళనే నేదట. మలుపు కాడ, ఉత్తరం ఇచ్చి తిరిగెళ్తన్న బుధు జీపెక్కేడు. ఘాట్‌లో రేడియేటర్ వేడెక్కి జీపాగిపోయింది. అది సల్లారేక, “నా కాడ నీళ్ళున్నాయిరా” అని క్యాను మొత్తం అందులో పోయించేడు మనోడు. బుస్సుమని నురగ పొంగేసరికి ఇద్దరూ పొదల్లోకి పరుగు. కాస్టిక్ తినేసి రేడియేటర్‌కి కన్నం పడిపోయింది, ఇద్దరూ నడిసి ఇంటికొచ్చేరు. నయం, వాడికంటే ముందు జీపుకి దాహమేసింది!

“ఎక్కడికి పోతన్నావురా?” అనడిగితే బుధూయే సెప్పేడు. నీ దగ్గరకేనట. పెళ్ళాన్ని సూడ్డానికెళ్తన్నానని నాతో అనడానికి సిగ్గేసి, తోటకన్నాడు.

నిన్ను అనరాని మాట అనేసేను. మనసులో ఎట్టుకోకు. బస్సెక్కకు.

నీ అత్త
దేముడమ్మ

తా.క. ఈసారి కామేష్‌ని పంపనేదు, బండి మాత్రం అడిగి తీసుకున్నాను. ఉత్తరం తెచ్చినోడి మొహం ఈపాటికి సూసేసుంటావు. ముందు టీ ఇయ్యి. తిట్లు తరవాత.