గొడుగుల ముసలాయన ఏమన్నాడు?

చిరంజీవి బొత్తానికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయించునది. ఇక్కడ నేను, మీ పెద్దమ్మ, రెండు కుట్టుమిషన్లు అందరం కులాసా. యాభై ఏళ్లకు పైగా కత్తెర పట్టిన వేళ్లు కలానికి ఒంగవు కాబట్టి ఎప్పటిలాగే చెప్పేది నేను, రాసేది మీ పెద్దమ్మ.

నీ ఉద్యోగం సంగతి వీధి వీధంతా చెప్పేశాను. జపాన్ సీరియళ్లలో వాళ్లేం మాట్లాడుకుంటున్నారో కింద మన భాషలో అక్షరాలు వేసేది మా తమ్ముడి కూతురేనని. ఎదురుషాపు తాళాలాయన "అమ్మాయికి జపాన్ భాష వచ్చా?" అన్నాడు. "వాళ్లకే ఏదైనా అనుమానం వస్తే అమ్మాయిని అడుగుతారు" అన్నాను. కొంచెం ఎక్కువే చెప్పినట్టున్నాను. అయినా వెనక్కి తీసుకోను.

షాపులో గోడకి కొత్త టీవీ పెట్టించాను. నువ్వే మంచి జపాన్ సీరియళ్లు మూడు ఎంచి పంపు. అందులో ఒక్కటే నువ్వు చేసింది ఉండాలి. అది ఏదో చెప్పకు. చివర్లో నీ పేరు పడదని, ఆఫీసు పేరొక్కటే పడుతుందని ఆమధ్య బాధపడ్డావుగా. పేరెందుకే పిచ్చిపిల్లా? వంద చొక్కాలు కలిపి కుప్ప పోసినా నా కుట్టు నేను పట్టేస్తాను. నా చేతుల్లో పెరిగినదాని మాట పట్టలేనా?

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క.: ఇది పెద్దమ్మని. "నాలుగు ముక్కల్లో రాయి" అంటూ నాలుగు పేజీలు చెప్పారు. నాకు నచ్చినంత రాశాను. కింద ఉన్నది ఆయన సంతకం కాదు, టీ మరక.

*

పెదనాన్నకి, పెద్దమ్మకి,

బొత్తాం నమస్కారాలు. చిన్నప్పుడెప్పుడో ఒక్క బొత్తాం మింగినందుకు ముప్పై దాటినా ఈ పేరు వదలలేదు. ఉత్తరం మీద కూడా అదే రాస్తే పోస్టుమాన్ నవ్వుతున్నాడు.

పెదనాన్నా, పందేనికి నేను సిద్ధం. పది రోజులు తల బద్దలు కొట్టుకుని మూడు ఎంచాను. ఒకటి, ఎప్పుడూ వానలో నడిచే ఒక డిటెక్టివ్ కథ. రెండు, పై అధికారికి ఎదురుతిరిగే ఆఫీసు అమ్మాయి కథ. మూడు, ఓ ఇరుకు సందులో పాత గొడుగులు బాగుచేసే ముసలాయన కథ.

మా పని బయటికి చిన్నదిగానే కనిపిస్తుంది. మనిషి గుక్కతిప్పుకోకుండా మాట్లాడినా నాకు దొరికేది రెండు వరుసలు, రెండు మూడు సెకన్లు. ఆలోపే మనసు విప్పి చెప్పాలి. ఇది నేను నేర్చుకున్నది మీ దగ్గరే. బడి వదలగానే మీ షాపులో కూర్చుని మీ కొలతల పుస్తకం చూసేదాన్ని. మీరు ఎవరి పేరూ రాయరు. ఒకాయనకి గుబురు మీసం, ఒకాయనకి బట్టతల, ఒకావిడకి పెద్ద సంచీ. ఒక్క బొమ్మతో మనిషి కళ్ల ముందు నిలబడేవాడు. అంత తక్కువలో అంత చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. "ఇది నీ మాట" అని ఇప్పటివరకూ ఎవరూ అనలేదు. మీరు ఒక్కరు అంటే చాలు.

మీ
బొత్తాం

తా.క.: నా సీరియల్‌లో మీకోసం ఒకటి దాచాను. మొదటి భాగం, పదకొండో నిమిషం. మీరైతే కుర్చీలోంచి లేచి నిలబడతారు.

*

చిరంజీవి బొత్తానికి,

పెదనాన్న మీసం మెలేసి రాయించునది. దొరికిపోయావు! వానలో నడిచే డిటెక్టివ్‌వి నీ మాటలే. మొదటి భాగంలోనే పట్టేశాను. ఆ పదకొండో నిమిషంలో దొంగని పట్టుకుని "నీకు అమ్మా నాన్నా లేరురా? తిన్నావా లేదా ముందు అది చెప్పు" అంటాడు చూడు, అచ్చం మనింటి మాట. లేచి నిలబడ్డాను. ఒళ్లో ఉన్న ప్యాంటు కింద పడింది. తాళాలాయన్ని పిలిచి మరీ చూపించాను.

రెండు సంగతులు మాత్రం నచ్చలేదు. పది భాగాలకే అయిపోయిందేమిటి? కథ అయిపోయిందా, వాళ్ల ఓపిక అయిపోయిందా? రెండోది, ఆ డిటెక్టివ్ కోటు ఎడమ భుజం అర అంగుళం జారింది. వాళ్లు నిన్ను ఏదైనా అడిగినప్పుడు ఈ మాట కూడా చెవిన వెయ్యి.

ఇట్లు,
గెలిచిన పెదనాన్న

తా.క.: పెద్దమ్మని. ఈయన చూపు సూది మీద ఉంటుంది, టీవీ మీద ఎక్కడ ఉంటుంది? అక్షరాలు పైకి చదివేది నేనే. మరీ చప్పగా ఉన్నచోట నావి రెండు కలుపుతున్నాను. ఆ డిటెక్టివ్ దొంగని తిన్నావా అని అడగలేదు. అడిగితే బావుంటుందనిపించింది.

*

పెదనాన్నకి,

నమస్కారాలు. ఓడిపోయారు. డిటెక్టివ్ కథ చేసింది మా పక్క సీటు మీసాలాయన. మీ ఉత్తరం చదివి వినిపిస్తే రోజంతా ఆ మీసం కిందికి దిగలేదు. "మీ పెదనాన్నగారికి నా నమస్కారాలు, చూపున్న మనిషి" అన్నాడు. నాకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

పెద్దమ్మా, నీకు దండం పెడతాను. ఉన్నది ఉన్నట్టు చదువు. నేను ఒక్కో మాట కోసం పూట పూటంతా కూర్చుంటాను. నువ్వు దాని మీద ఇంకో మాట కుడితే నాది కనపడేదెలా?

ఇంకా రెండున్నాయి. తొందరపడి వీధిలో చాటింపు వేయకండి.

మీ
బొత్తాం

తా.క.: కోటు భుజం మళ్లీ చూశాను. నిజంగానే జారింది. మీసాలాయనకి కనపడలేదు.

*

చిరంజీవి బొత్తానికి,

పెదనాన్న రాయించునది. నీ ఉత్తరం అందేలోపే చాటింపు అయిపోయింది. తాళాలాయనకి ఎదురుపడలేక రెండ్రోజులు వెనక తలుపులోంచి వెళ్లాను.

సరే, ఈసారి తిరుగులేదు. ఆఫీసు అమ్మాయి కథ నీదే! అధికారి ముఖాన కాగితాలు పెట్టి "నా పని నేను చేశాను, మీ పని మీరు చూసుకోండి" అంటుంది. ఏ మొహమాటం లేదు, ఏ వంకరా లేదు. తూకం వేసినట్టుంది మాట. నోరంటే అదీ! అచ్చం నీ నోరే. ఈసారి మీ పెద్దమ్మ ఏమీ కలపలేదు, ఒట్టు వేయించుకున్నాను. ఇస్త్రీ చేసే ఆవిడ, తాళాలాయన, వాళ్లావిడ అందరూ కూర్చుని చూశారు. చివర్లో అందరూ నన్ను చూసి చప్పట్లు కొట్టారు. నేను కూడా జపాన్ వాళ్లలాగే నడుం వంచి దండం పెట్టాను. నడుం మళ్లీ లేవడానికి కాస్త టైం పట్టింది.

మూడోది కూడా చూశాను. బావుందిగానీ ఆ ముసలాయన మూగవాడనుకుంటాను, పది భాగాలూ నోరు విప్పలేదు.

ఇట్లు,
ఈసారి ఖాయంగా గెలిచిన పెదనాన్న

తా.క.: పెద్దమ్మని. ఆ గొడుగులాయన మూగవాడేం కాదు. మిషన్ల చప్పుడులో టీవీ గొంతు ఈయనకి ఎటూ వినపడదు, ఆయన మాటలు నేనే చదవలేదు. కలపకూడదన్నావు గానీ తీసేయకూడదని అనలేదుగా? ఎప్పుడో నోరు విప్పినా పని గురించి, దారం గురించి ఒకటే నస. ఇంట్లో నలభై ఏళ్లుగా వింటున్నది చాలక టీవీలో కూడానా?

*

పెదనాన్నకి,

ఆఫీసు అమ్మాయి మాటలు రాసింది నేను కాదు. మనిషే కాదు. యంత్రం. మా ఆఫీసులో కొత్తగా పెట్టారు. మేం తప్పులు మాత్రం దిద్దుతాం. ఆ సీరియల్‌లో దిద్దడానికి కూడా ఏమీ దొరకలేదు. నా నోరు, యంత్రం నోరు మీకు ఒకలాగే వినిపించాయా పెదనాన్నా? ఈసారి మీ ఉత్తరం మీసాలాయనకి చూపించలేదు.

ఇక మిగిలింది ఒక్కటే కాబట్టి పందెం లేదు, ఏమీ లేదు. గొడుగుల ముసలాయన నా వాడు. ఒక్కో మాట వెనక పూట కాదు, రోజులు కూర్చున్నాను. అవే పెద్దమ్మ చదవలేదు. కోపం పెద్దమ్మ మీద కాదు, మీ మీద. నా పని వీధంతా చెప్పుకుంటారు, ఊరేగిస్తారు, కానీ ఒక్కసారి తలెత్తి కింద ఏం రాశానో మీ కళ్లతో చదవలేదు. అంత తీరిక లేదా? అంత చిన్నదా నా పని?

మొదటి భాగం, పదకొండో నిమిషం. మీరే చదవండి, పెద్దమ్మ చదివింది వినడం కాదు. అక్కడ ముసలాయన ఏమన్నాడో మీరు రాసేదాకా నేను ఉత్తరం రాయను.

బొత్తాం

తా.క.: ఏమీ లేదు.

*

పెదనాన్నకి,

నమస్కారాలు. రాయనని నేనే అన్నాను, నేనే రాస్తున్నాను. నాలుగు నెలలైంది. మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే పెద్దమ్మ "బిజీగా ఉన్నారు" అని పెట్టేస్తోంది. నోటికొచ్చినట్టు రాశాను, తప్పే. మీరు నా పని చదివినా చదవకపోయినా నాకు మీరు మీరే. సీరియల్ సంగతి వదిలేయండి. కులాసాగా ఉన్నామని ఒక్క కార్డు ముక్క వేయించండి చాలు.

మీ
బొత్తాం

తా.క.: యంత్రం కూడా తప్పులు చేయడం మొదలుపెట్టింది. నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది.

*

చిరంజీవి బొత్తానికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

రాయించునది కాదు. మళ్లీ చదువుకో. రాయునది. ఈ చేతిరాత నాదే. వరుస వంకరగా పోతోంది, తెలుసు. మొదటిసారి మిషన్ తొక్కినవాడి కుట్టు కూడా ఇలాగే ఉంటుంది.

నా వేళ్లు కలానికి ఒంగవన్నది అబద్ధం. కలం ఎప్పుడూ పట్టని వేళ్లు అవి. ఏడో ఏట మా నాన్న మిషన్ కింద కూర్చోబెట్టాడు, బడి ముఖం చూడలేదు. అంకెలు టేపు మీద నేర్చుకున్నాను. అక్షరాలు ఎక్కడా నేర్చుకోలేదు. నువ్వు గొప్పగా చెప్పిన ఆ బొమ్మలు, మీసం, బట్టతల, పెద్ద సంచీ, అవి తెలివి కాదమ్మా, పేర్లు రాయడం రాక. నీ ఉత్తరంలో ఆ ముక్క మీ పెద్దమ్మ చదివినప్పుడు కత్తెర కింద పెట్టేసి బయటికి వెళ్లిపోయాను. చెప్పడానికి సిగ్గేసింది. నీ ముందు మాత్రం చిన్నబోవడం నావల్ల కాలేదు.

"అంత చిన్నదా నా పని" అని రాశావు. ఆ మాట మీ పెద్దమ్మ దాచకుండా చదివింది. మర్నాడే పలక తెప్పించాను. రోజూ షాపు మూసే ముందు గంటసేపు పాఠం. మీ పెద్దమ్మ టీచరు. తప్పు రాస్తే చెక్క స్కేలుతో బల్ల మీద కొడుతుంది, ఎప్పట్నుంచో చూస్తున్న అవకాశం కాబోలు. పాఠాల పుస్తకం మాత్రం ఒక్కటే, నీ సీరియల్. గొడుగులాయన తక్కువ మాట్లాడతాడు, అదే నా అదృష్టం. టీవీ ఆపడం, ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం, మళ్లీ వదలడం. పదకొండో నిమిషానికి చేరడానికి నాకు మూడు నెలల పందొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఎవర్నీ చెప్పనివ్వలేదు.

పదకొండో నిమిషంలో ఆ ముసలాయన, చిరిగిన గొడుగు తెచ్చినవాడితో అంటాడు:

"విప్పడం రానివాడికి కుట్టడం రాదు."

లేచి నిలబడ్డానే. ఈసారి నిజంగా. నీకు ఎనిమిదేళ్లప్పుడు బొమ్మకి గౌను కుట్టి, పాడైందని ఏడుస్తూ కూర్చుంటే, నేను అన్న మాట అది. అన్నవాణ్ని నేనే మర్చిపోయాను, నువ్వు దాచిపెట్టి జపాన్ దాకా తీసుకెళ్లావు. ఆ ముసలాయన వాళ్ల భాషలో నిజంగా ఇదే అన్నాడా, లేక నా మాట ఆయన నోట్లో పెట్టావా? అదే అన్నాడంటే అక్కడా ఒక మంచి పనివాడున్నట్టు. పెట్టావంటే మీ ఆఫీసులో చెప్పకు, మనిద్దరి మధ్యనే ఉంచుదాం.

టీవీ అక్కడే ఆపేశాను. రోజంతా అలాగే ఉంది. వచ్చిన ప్రతి మనిషికీ నేనే చదివి చూపించాను. తాళాలాయన "ఇంకోటి పెట్టవయ్యా" అన్నా వినలేదు. ఇన్నాళ్లూ నీ పని గురించి వినికిడి మీద గర్వపడ్డాను. ఇప్పుడు చదివి గర్వపడుతున్నాను. ఇది నీ మాట బొత్తాం. నీ మాటే.

ఇట్లు,
నీ పెదనాన్న (ఇది సంతకం, టీ మరక కాదు)

తా.క. 1: నేను అన్నది "విప్పడం రానివాడికి కుట్టడం రాదే తల్లీ" అని. "తల్లీ" తీసేశావు. రెండు వరుసల్లో పట్టలేదనుకుంటాను. పర్వాలేదు, అంచు మిగిలితే కత్తిరించాల్సిందే.

తా.క. 2: చదవడం వచ్చింది కదా అని మొన్న రోడ్డు మీద నిలబడి మన షాపు బోర్డు చదివాను. పైన పెద్ద అక్షరాల్లో షాపు పేరు. కింద చిన్న అక్షరాల్లో "యజమాని" అని మీ పెద్దమ్మ పేరు. నలభై ఏళ్లుగా నేను ఆ బోర్డు కింద కూర్చుని పని చేస్తున్నాను. అడిగితే, "బోర్డు పెట్టిన రోజే మీకు చదివి వినిపించానుగా" అంటోంది. వినిపించింది నిజమే. పై వరుస.