భూమ్మీద ఘనుడి బలం

ఉయ్యూరు,
జూన్ 3

రచయిత్రి శ్రీదుర్గ గారికి వెంకటసుబ్బారావు నమస్కారాలు.

వారపత్రికలో మీ సీరియల్‌కి నేను అభిమానినండి. భూమికి మూడింతల ఆకర్షణ ఉన్న గ్రహంలో పుట్టిన ఘనుడు ఇక్కడికొచ్చి లారీ ఎత్తాడంటే మా ఊరి సంజీవరావు నవ్వాడు. నేను నమ్మాను. నలభై ఏళ్ళు దమ్ము చేసిన బురద మళ్ళలో నడిచినవాణ్ణి, గట్టెక్కితే కాళ్ళు ఎంత తేలికో నాకు తెలియదా?

ఈమధ్య మీరు రాసింది మరీ బాగుంది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఊరికే మంచమ్మీద కూర్చుంటే ఘనుడి బలం కరిగిపోతుందనీ, అందుకే రోజూ నీళ్ళు మోసి, ఇల్లు తుడిచి, ఆవకాయ మానేశాడనీ రాశారు. నేనూ అదే పద్ధతిలో ఉన్నాను. ఆరు నెలలుగా మంచం దిగనివాణ్ణి ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాను.

ఒక్క సందేహం. నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే చచ్చేంత భయం. ఘనుడికీ చూపు మసకేసిందన్నారు కదా, అతను చేయించుకుంటాడా? అతను చేయించుకుంటేనే నేనూ.

ఇట్లు,
మీ వెంకటసుబ్బారావు

తా.క. గన్నవరంలో భూమి ఆకర్షణ కాస్త తక్కువా? లేకపోతే విమానాలు అక్కణ్ణుంచే ఎందుకు లేస్తాయండి?

పటమట, విజయవాడ
జూన్ 9

గౌరవనీయులు వెంకటసుబ్బారావు గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివినా నాకు అంతు చిక్కలేదు. ఘనుడు నీళ్ళు మోసినట్టుగానీ, ఇల్లు తుడిచినట్టుగానీ నేను రాయలేదండి. ఆవకాయ ఊసే లేదు. వేరే సీరియల్‌తో కలిపేసుకున్నారేమో.

అతని బలం కరిగిన మాట నిజమే. రెండేళ్ళు తేలిక గ్రహంలో ఉండేసరికి ఎముకలూ కండలూ మెత్తబడి మనలాంటి మనిషైపోయాడు. ఆపైన చెప్పడానికి బాధగా ఉంది. మే నెలలో మళ్ళీ లారీ ఎత్తబోయి చనిపోయాడు. ప్రస్తుతం కథని అతని చెల్లెలు నడుపుతోంది.

మీ ఆపరేషన్‌కీ ఘనుడికీ సంబంధం లేదు. దయచేసి చేయించుకోండి.

నమస్కారాలతో,
శ్రీదుర్గ

తా.క. గన్నవరంలో ఆకర్షణ పటమటలో ఉన్నంతే ఉంటుంది.

ఉయ్యూరు,
జూన్ 15

శ్రీదుర్గ గారికి అనేక నమస్కారాలు.

మీ జవాబు అందింది. ఘనుడు కులాసాగా ఉన్నాడనీ, ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నాడనీ స్వయంగా తెలియజేశారు, నా అదృష్టం. గన్నవరం సంగతి నిజమేనని మీరు ఒప్పుకోవడంతో సంజీవరావు నోరు మూతపడింది.

మీరు హెచ్చరించినట్టే గ్రైండరు జోలికి పోకుండా పప్పు రోట్లో నేనే రుబ్బుతున్నాను. మా ఆవిడ మాణిక్యమ్మా మీ పక్షమే. గ్రైండర్ని అటకెక్కించింది. కానీ ఘనుడు ఏదో ఒకటి త్వరగా తేల్చుకోవాలండి. నిన్న గుమ్మం కనపడక తలుపుకి గుద్దుకున్నాను.

మీ విధేయుడు,
వెంకటసుబ్బారావు

తా.క. అతను బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలోనే చేయించుకునేట్టయితే చెప్పండి, ఒకే రోజు వెళ్తాం.

పటమట,
జూన్ 20

వెంకటసుబ్బారావు గారికి,

నేను రాసిందొకటి, మీకు అందినదొకటి. ఈసారి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఘనుడు చనిపోయాడు. దహనమూ అయిపోయింది. మోయడానికి నలుగురే సరిపోయారు, ఎందుకంటే ఇక్కడ అతని బరువు వాళ్ళ ఊళ్ళో ఉన్నదాంట్లో మూడో వంతే.

నా కథ కోసం మీరు చూపు పోగొట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. అతను లేడు, మీరు ఉన్నారు. ఆసుపత్రికి వెళ్ళండి.

శ్రీదుర్గ

తా.క. ఉయ్యూరుకి వెళ్ళే కాపీలు వేరేగా అచ్చవుతున్నాయా అని మా ఎడిటర్ గారిని అడిగాను. ఆయన నన్ను నాలుగు రోజులు సెలవు పెట్టమన్నారు.

ఉయ్యూరు,
జూన్ 24

అమ్మా శ్రీదుర్గ గారూ, మాణిక్యమ్మ ఆశీస్సులు.

దస్తూరీ పాతదే, మాటలు మాత్రం ఈసారి నావి. ఏడాదిగా మా ఆయనకి కళ్ళు నేనే. పత్రిక నేనే చదువుతాను, ఆయన చెప్పిన ఉత్తరం నేనే రాస్తాను, మీ జవాబూ నేనే చదివి వినిపిస్తాను. చదివేటప్పుడు కాస్త దిద్దుతాను.

మొదట్లో ఉన్నదున్నట్టే చదివేదాన్ని. ఘనుడి బలం కరిగిపోతోందని చదివిన రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం ముట్టలేదు. మర్నాడు ఘనుడి చేత నీళ్ళు మోయించాను. ఈయన లేచి బిందె అందుకున్నారు. ఇల్లు తుడవడం మాత్రం నా స్వార్థం. మీరు అతన్ని చంపేసిన వారం ఆ పేజీ పట్టుకుని వంటింట్లో ఏడ్చాను. తరవాత కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, ఘనుడు ఈ వారం ఉల్లిపాయలు తరిగాడని చదివాను.

పోయిన బుధవారం ఘనుడు కళ్ళ ఆపరేషన్ చేయించుకున్నాడు. అందుకని ఎల్లుండి ఈయనా చేయించుకుంటున్నారు. పదిహేను రోజుల్లో చదువుకోవచ్చని డాక్టరు గారన్నారు. మొట్టమొదట మీ సీరియలే చదువుతారట, ఎవరి సాయం లేకుండా. అంటే మీకు రెండు సంచికలున్నాయి. దహనం చేసినవాణ్ణి ఎలా లేపుతారో నాకు తెలియదు, నేనైతే ఇంతకంటే కష్టమైనవే చదివేశాను. ఈయన కళ్ళు తెరిచేలోగా ఘనుణ్ణి బతికించండి తల్లీ.

ఇట్లు,
మాణిక్యమ్మ

తా.క. బతికించాక లారీ మాత్రం ఎత్తించకండి. పక్కింటి లాజరు లారీ మా గుమ్మం ముందే ఆగుతుంది.